ఒక గీత సిగ్నల్

ఉలాన్‌బాతర్‌లో, ఆరో అంతస్తులో,
హీటరు పక్కన కూర్చుని నేను రాసిన ప్రశ్న ఇది:
"ఈ రోజు టీలో ఉప్పు ఎన్ని చిటికెలు?"
సాయంత్రం ఐదింటికి
నాలుగు వందల ముప్ఫై ఫోన్లకి వెళుతుంది.
జవాబు గడిలో అంకె మాత్రమే పట్టాలి.
అంకె కానిది ఏదొచ్చినా తెర ఎర్రబడుతుంది.

దూలమ్‌సురేన్, అరవై ఒకటి, గోబీ అంచున,
బీపీ నూట డెబ్బై ఎనిమిది.
ఆమె వరస ఎప్పుడూ ఎరుపే.

"ఐదు. మా ఆయన దొంగతనంగా వేసింది
లెక్కలోకి వస్తుందా?"
"నాలుగు. చప్పటి టీ పోశానని
మా మరదలు సగం గిన్నె వదిలేసి వెళ్ళింది."
"మూడున్నర. అయినా చిటికె అంటే
ఎవరి వేళ్లతో తల్లీ?"

అరలు పనికిరావు, కొట్టెయ్, అన్నాడు జాంబల్.
కొట్టేశాను.
ఆ అర చిటికె కాసేపు
నా వేళ్లకే అంటుకుని ఉంది.

ఐదింటి ప్రశ్నకి ఆమె జవాబు
ఆరు నలభైకి, ఒక్కోసారి ఏడుకి.
ఆలస్యం చేసేవాళ్ల కోసం ఒక హెచ్చరిక ఉంది మాకు,
మర్యాదగా, చివర బొమ్మ గుండెకాయతో.
అదీ నేను రాసిందే.
రెండు నెలలు రోజూ పంపాను.

నవంబరులో నాలుగు రోజులు ఏమీ రాలేదు.
కిటికీ బయట బొగ్గు పొగ,
ఎదుటి భవనం మధ్యాహ్నానికే మాయం.
"మానేసినవారు" అనే పట్టికలోకి
ఆమె పేరు జరిపాను.

ఐదో రోజు అన్నీ ఒక్కసారే దిగాయి.
"రెండు. రెండు. ఒకటి. రెండు.
గాలి వెనక్కి తోసేసింది, కొండెక్కలేకపోయాను.
మా గుడారం దగ్గర నీ ప్రశ్న అందదు.
పైన, మొక్కుల రాళ్లగుట్ట పక్కన,
ఒక గీత సిగ్నల్ వస్తుంది.
రోజూ అక్కడికొచ్చే చెబుతున్నాను.
మొదట్లో దారిలో మూడుచోట్ల కూర్చునేదాన్ని.
ఇప్పుడు ఒక్కచోటే.
అదీ ఆయాసానికి కాదు,
అక్కణ్ణించి గొర్రెలన్నీ కనబడతాయని."

పేరు వెనక్కి తెచ్చాను.
హెచ్చరికలో గుండెకాయ బొమ్మని చూస్తే సిగ్గేసింది.

జనవరిలో నర్సు వెళ్ళి కొలిచింది: నూట నలభై రెండు.
ఉప్పు తగ్గినందువల్ల, అని నివేదికలో రాశాం.
రాసింది అబద్ధం కాదు.
కొండకి మా దగ్గర గడి లేదు, అంతే.

నిన్న ఆమె రాసింది:
"వసంతంలో ఇక్కడే టవరు వేస్తారట.
ఇక పొయ్యి దగ్గర్నుంచే చెబుతా,
నీకు ఆలస్యం బాధ తప్పుతుంది."

తెర ఎర్రగా వెలుగుతూనే ఉంది.
మూడుసార్లు రాసి, రెండుసార్లు చెరిపి, పంపాను:
"టవరు వచ్చినా
కొండమీద నుంచి పంపితేనే మాకు సరిగ్గా అందుతుంది."

జవాబు ఆరు నలభై రెండుకి వచ్చింది.
"ఒకటి.
నీకు అబద్ధమాడ్డం రాదు పిల్లా.
వస్తాలే.
కుక్కకి అలవాటైపోయింది,
ఐదు కాగానే గుమ్మం దగ్గర నిలబడి
నా బూట్ల వంక చూస్తుంది."