ఎనిమిదో నంబరు బూట్లు

మా గదిలో నలుగురం. బూట్లు ఒక్క జత.
విజయనగరం, మూడు లాంతర్ల వెనక సందు, రేకుల గది,
కరెంటు వేరే.

లోలుగు మన్మథరావు కొన్నాడు వాటిని,
ఇంట్లో జీడిపిక్కలమ్మిన డబ్బుల్తో.
నల్లవి, మూతి కాస్త సన్నం, ఎనిమిదో నంబరు.
ఉద్యోగమొచ్చి వెళ్తూ వెళ్తూ
"కలిసొచ్చిన బూట్లురా, ఉంచండి" అన్నాడు.
తర్వాత బెవర గోవిందు వేసుకెళ్ళాడు.
ఆ తర్వాత దాలినాయుడు.
లోపలి అట్ట ఎత్తితే
బాల్ పెన్నుతో మూడు తేదీలు.

నాది తొమ్మిదో నంబరు కాలు.

నెలరోజులు తయారయ్యాను.
తెల్లారకముందే మేడ మీద నీళ్ళ ట్యాంకుకి చెప్పాను,
మైసెల్ఫ్ చింతాడ తవిటినాయుడు అని.
గోవిందు ఫోన్లో దిద్దేవాడు:
మైసెల్ఫ్ అనకు.
ఏటి అనకు, ఏమిటండీ అను.
నాను కాదు, నేను.
నీ బలహీనతేంటని అడుగుతారు,
పని మరీ ఎక్కువ చేసేస్తానని చెప్పు.
అబద్ధం కదరా అంటే,
అందరూ చెప్పే అబద్ధం
మర్యాద కింద లెక్క, అన్నాడు.

రాత్రిళ్ళు బూట్లలో తడి పేపరు కుక్కేవాణ్ణి, సాగుతాయని.
పొద్దున్నకి పేపరు ఆరేది. అంతే.

ఇస్త్రీ బండి పైడమ్మ పిన్ని
కాలరు రెండోసారి ఊరికే రుద్దింది.
"ఏటి గుంటడా, పెళ్ళిసూపులా?"
ఇంచుమించు అదే పిన్నీ.

బొబ్బిలి. గ్రోత్ సెంటర్లో స్టోర్స్ అసిస్టెంటు,
ఒకటే ఖాళీ, బెంచీల మీద ముప్ఫై ఒక్కమంది,
అందరి ఫైళ్ళూ ఒకే షాపులో కొన్నట్టు నీలం.
నా వంతొచ్చేసరికి
కాలి చిటికెన వేలు నాది కాకుండా పోయింది.

లోపల ముగ్గురు. ఒక ఫ్యాను, వాళ్ళవైపు.
కూర్చోమన్నారు.
టేబిలు గుడ్డ చాటున, మడమతో మడమ నొక్కి
కుడిది విప్పాను. ఆనక ఎడమది.

చల్లటి గచ్చు.

అరికాలు ఆనగానే
నెలరోజుల ఇంగ్లీషు ఎటు పోయిందో!
"నీ గురించి చెప్పు" అన్నాడు కళ్ళజోడాయన.

"నా ముందు ఇద్దరు దక్కలేదండి మా అమ్మకి.
నాను పుట్టీసరికి బెంగెట్టీసుకుని
చేటలో ఏసి పక్కింటి ముసిల్దానికిచ్చీసి,
మళ్ళీ తవుడిచ్చి కొనుక్కుందండి.
అందుకే తవిటినాయుడు.
అప్పటికి నా ఖరీదు రెండు శేర్లు."

"ఇప్పుడెంత అడుగుతావ్?" నవ్వాడు రెండో ఆయన.
"మీ కాయితంలో ఏసిందే సాలండి."

మూడో ఆవిడ నవ్వలేదు.
"లెక్కలో పది బస్తాలు తగ్గాయి. ఏం చేస్తావ్?"
"ముందు నా కూడిక మళ్ళీ చూస్తానండి.
తర్వాత ఎలకల కన్నం.
మనుషుల్ని ఆఖర్న."
ఆవిడ ఏదో రాసుకుంది.
పెన్ను ఆగేదాకా నేను ఊపిరి తీసిన గుర్తు లేదు.

ఇక వెళ్ళొచ్చన్నారు.
ఎడమ బూటు దొరికింది. కుడిది లేదు.
కాలితో వెతుకుతున్నాను,
గచ్చు, గచ్చు, వైరు, ఎవరిదో చెప్పు...
"ఇంకేమైనా అడగాలా?"
"మేడమ్, మీ కుర్చీ కింద నా బూటు."
వంగి చూసి, కాలితో ఇటు తోసింది.
"నీకిది చిన్నది కదయ్యా?"
"మా రూందండి."

పంతొమ్మిది రోజులు.
ఇరవయ్యో నాడు కుళాయి దగ్గర, బకెట్టు సగంలో, ఫోను.
చింతాడ తవిటినాయుడు గారేనా?
'గారు' దగ్గర ఆగిపోయాను.
మిగతాది రెండోసారి చెప్పించుకున్నాను.
బకెట్టు పొర్లింది, వెనకున్నావిడ తిట్టింది,
తిట్టు కూడా ఎంత బాగుందో.

ఆ రాత్రి అట్ట ఎత్తి నాలుగో తేదీ వేశాను.
బూట్ల వల్లే వచ్చినట్టు.
మర్యాద కోసం.

నా మంచంలోకి మందస కుర్రాడొచ్చాడు.
ఏడో నంబరు కాలు.
బూట్లు తొడిగి అటూ ఇటూ నడిచి
"అన్నా, వదులు" అన్నాడు మొహం వేలాడేసి.

వదులైతే మరీ మంచిదిరా, అన్నాను.