ఐదింట ఒకటి

డెర్బీలో, నార్మంటన్ రోడ్డు మీద
డ్రై క్లీనింగ్ దుకాణం పక్క మెట్లెక్కితే నా గది.
వీడియోలు డిస్కుల్లోకి ఎక్కించి ఇస్తాను.
ఈ రోజుల్లో డీవీడీలెవరు చూస్తారని నవ్వకండి.
బధిరుల క్లబ్బులో టీవీ కింద ఉన్నది ఆ పెట్టె ఒక్కటే,
దాన్ని మార్చాల్సిన డబ్బుతో
కురుస్తున్న కప్పు బాగుచేయించుకున్నారు.

ట్రెవర్ హాలమ్ తెచ్చిచ్చాడు.
గంటా నలభై నిమిషాలు, హైడెఫినిషన్.
డోరీన్ ఆక్లీ కుర్చీలో కూర్చుని
చేతులతో చెప్పుకున్న తన కథ.
పూల బ్లౌజు. వెనకాల గాలికి ఊగే కర్టెన్.
అలవాటు కొద్దీ ఒక్క డిస్కులో కుక్కేశాను,
పుట్టెడు వడ్లు మానికలో పోసినట్టు.
సెకనుకి యాభై కదలికలుంటే సగం తీసి పారేశాను.
ముఖం బాగానే వచ్చింది. పూలు ఇంకా బాగా వచ్చాయి.
ఎనిమిది పౌండ్లు తీసుకున్నాను.

వారం తిరక్కుండా వచ్చాడు ట్రెవర్.
నా రసీదు పుస్తకం ముందుకు లాక్కుని రాశాడు:
"ఆవిడ గొణుగుతోంది."

శబ్దమే లేని వీడియో అది.

అప్పుడు చూశాను, కళ్లు కొత్తగా తెచ్చుకున్నట్టు.
చెయ్యి కదిలిన చోటల్లా గడులు గడులుగా చెదిరిపోయింది.
అది ఉంగరపు వేలో చిటికెన వేలో
దేవుడిక్కూడా తెలియదు.
వాళ్ల అచ్చులు ఐదూ ఐదు వేళ్ల కొసల మీద ఉంటాయి:
ట్రెవర్ తన వేళ్లు ఒక్కొక్కటే తట్టి చూపించాడు,
బొటనవేలితో మొదలుపెట్టి.
గుణింతం రాలిపోయిన మాట ఎట్లా ఉంటుందో
తెలుగు చదువుకున్నదాన్ని, నాకొకరు చెప్పాలా?
క. క. క.
నా డిస్కులో మిగిలింది అంతే.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను.
పెద్ద బొమ్మలో ఐదు చుక్కలుంటే
డిస్కులో ఒక్కదానికే చోటు.
నాలుగింటిని విసిరేసి ఒకటి దాచుకుంటే
అంచులు రంపం పళ్లవుతాయి.
ఐదింటినీ కలిపి ఒకటి చెయ్యాలి,
మెతుకు జారకుండా ముద్ద చేసినట్టు.
బేసి గీతలూ సరి గీతలూ జడలా అల్లుకుని ఉన్నాయి.
ముందు జడ విప్పాలి, చిక్కు తీయాలి,
అప్పుడు కురచ చేసి, మళ్లీ అల్లాలి.
జడతోనే కత్తిరిస్తే
కదిలే వేలి పక్కన దువ్వెన పళ్లు మొలుస్తాయి.
ఇన్నేళ్లూ నేను చేసింది ఆ క్షవరమే.

కర్టెన్‌ను మసకబరిచాను. పూలను కూడా.
వాటి నోటి దగ్గర కూడు లాగి వేళ్లకు పెట్టాను,
సెకనుకి ఎనిమిది మెగాబిట్లు.
ఒక డిస్కు చాలదు, రెండు.
యంత్రాన్ని రెండు సార్లు నడిపాను,
ఒకసారి చదవడానికి, ఒకసారి రాయడానికి.

తెల్లవారుజామున ఫ్రేము ఫ్రేమూ జరుపుతూ పోతుంటే
ఒకచోట ఆవిడ
రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.
నిమిషం. రెండు నిమిషాలు.
వీడియో ఆగిందేమో అనుకున్నాను.
అక్కడ యంత్రం దాదాపు ఏమీ ఖర్చు పెట్టలేదు,
కదిలిందేమీ లేదు కదా.
ఆ మిగిల్చిందంతా తరవాతి క్షణంలో పోసేసింది,
చేతులు ఒక్కసారిగా బయటికొచ్చి
పదీ పది వేళ్లుగా తెర నిండిన చోట.
అన్ని గోళ్లూ లెక్కపెట్టగలిగాను.

ట్రెవర్‌ని అడిగాను అది ఏమిటని.
"బడి," అని రాశాడు.
"సైగ చేస్తే అట్లా కూర్చోబెట్టేవాళ్లు."
పెన్ను కింద పెట్టలేదు.

ఎనిమిది పౌండ్లు వెనక్కిస్తే తీసుకోలేదు.
రెండు డిస్కులూ నా గదిలోనే, నిలబడే, చివరిదాకా చూశాడు.
మధ్యలో రెండు సార్లు నవ్వాడు, ఎందుకో నాకు తెలియదు.
వెళ్లబోతూ రసీదు పుస్తకంలో మళ్లీ రాశాడు:
"బ్లౌజు మీద పూలు పాడుచేశావు.
డోరీన్ నిన్ను ఊరుకోదు."