ఒత్తి పట్టుకున్న పది నిమిషాలు

జహ్రా ఆసుపత్రి. రాత్రి రెండున్నర.
బయట దుమ్ముగాలి, కిటికీ అద్దానికి ఇటుక రంగు.

డాక్టర్ ముర్తదా ఒక్కొక్కటే చెబుతున్నాడు,
నేను తెలుగు చేస్తున్నాను.
సూది పక్కనే కొట్టుకునే నరంలోకి పోవచ్చు.
ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోవచ్చు.
తీగ లోపల గుండెను తాకితే
గుండె తప్పటడుగు వేయొచ్చు.
తర్వాత్తర్వాత చీము, చలిజ్వరం, గడ్డకట్టిన నెత్తురు.
లింబాద్రి అన్నీ విన్నాడు,
అబ్దలీ తోటలో టమాటా పెట్టెలు లెక్కపెట్టినట్టు
వేళ్ళు ముడుస్తూ.

"మంచిగ జెప్పిండ్రు సిస్టర్.
ఈడికి వచ్చేటప్పుడు గిట్ల ఒక్కడన్న జెప్పలే.
ఏజెంటు గూడ ఏలిముద్రనే తీస్కున్నడు."
నీలి ఇంకు అంటిన బొటనవేలు దూదితో తుడిచాను.

మెడ మీద మందు రాస్తుంటే
"సల్లగుంది" అన్నాడు.
అయిదు రోజుల కింద ఎండకు కూలబడ్డ మనిషి.
ఒంట్లో నీళ్ళు డికాక్షన్ రంగులో చుక్కలు చుక్కలుగా వచ్చి
ఆగిపోయిన మనిషి.

స్కానింగ్ మిషన్ పై అంతస్తులో ఎవరి మీదో ఉంది.
పొటాషియం ఏడు దాటింది, ఆగలేం.
సూది దిగింది.
రావాల్సింది నేరేడు రంగు.
వచ్చింది దానిమ్మ,
సిరంజిని వెనక్కి తన్నుకుంటూ.

డాక్టర్ కళ్ళు మూసి తెరిచాడు.
సూది తీసేశాడు. "పది నిమిషాలు" అన్నాడు.
నా రెండు వేళ్ళ కింద
ఒక మనిషి మొత్తం కొట్టుకుంటున్నాడు.

ఎత్తి చూడాలనిపిస్తుంది. చూడకూడదు.
అన్నం ఉడికిందా అని మాటిమాటికీ మూత తీసేవాళ్ళకి
ఈ పని చేతకాదు.

"మీదే ఊరు?"
రాయచోటి.
"ఆడ గూడ నీళ్ళుండయి గదా."
ఉండవు.
నవ్వు అతని మొహానికి రాకముందే
నా వేళ్ళకి తెలిసింది.
నవ్వొద్దన్నా, నెత్తురు ఆగదు.

ఆరో నిమిషం. ఉసిరికాయంత వాపు,
పెరగలేదు, తగ్గలేదు.
వచ్చిన మొదటి ఏడాది
నాలుగో నిమిషంలో వేలెత్తాను ఒకసారి.
తెల్లారేసరికి ఆ మెడ, ఆ గొంతు...
ఆ మంచం నంబరు పదిహేడు.
ఈ రోజుకీ బస్సు మీద కనబడితే
ఇంకో బస్సు కోసం ఆగుతాను.

ఎనిమిది. ఏసీ చప్పుడు.
తొమ్మిది. నా భుజం నాది కాదు.

పదికి చక్రాలు కీచుమంటూ మిషన్ వచ్చింది.
మెల్లగా వేలు తీశాను. తెల్లటి గాజుగుడ్డ
తెల్లగానే ఉంది.

ఈసారి తొడలో పెడదాం, అన్నాడు డాక్టర్.
చెప్పాను.
"మెడ గాకుంటే తొడ. గాడ గూడ ఇయ్యన్నీ అయితయా?"
ఊపిరితిత్తి సంగతి ఒక్కటి తప్ప, అన్నాను.

"అయితె ఒకటి తగ్గె"
అంటూ లింబాద్రి
ముడిచిన వేళ్ళలో ఒకటి విప్పాడు.