సొత్తు నంబరు అరవై మూడు

ఉప్పుగాలికి ముందు ఇత్తడి నల్లబడుతుంది,
తరవాత ఇనుము.
రోజూ పొద్దున్నే చింతపండుతో
బిళ్ళలూ బేడీలూ విజిళ్ళూ తోముతాను.
ముప్పై నాలుగేళ్ళు నా నడుముకున్న బెల్టు బిళ్ళ కూడా
ఇప్పుడు అద్దం వెనకే ఉంది.
దాని మీద నంబరుంది, పేరు లేదు.
పేరు గొలగాని సత్తిబాబు. రిటైర్డ్ హెడ్డు.
వన్ టౌన్‌లో, పాత లాకప్ గదుల్లో పెట్టిన ఈ మ్యూజియంకి
గైడుని, తుడిచేవాణ్ణి, తాళాలవాణ్ణి.

స్కూలు పిల్లలొస్తే ఎర్ర తలపాగా చూపిస్తాను.
నిక్కరు చూసి నవ్వుతారు.
వైర్‌లెస్ మీట నొక్కనిస్తే
"కంట్రోల్, కంట్రోల్" అని అరిచి
చచ్చిపోయిన ఆ డబ్బాలోంచి ఎవరో పలికినట్టు
ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.
ఓ పిల్ల అడిగింది:
"తాతా, దీంతో ఎవర్ని కొట్టేవారు?"
లాఠీ కింద చీటీలో పొడవుంది, బరువుంది,
ఆ పిల్ల అడిగింది లేదు.
"వెదురమ్మా" అన్నాను.
బస్సు టైమైంది.

మొన్న బేస్తవారం, వేట నిషేధం రోజులు,
హార్బర్‌లో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి,
జాలారిపేట నుంచి ఓ ముసలామె వచ్చింది.
గుమ్మంలో చెప్పులు విప్పింది.
అక్కర్లేదమ్మా అన్నా వినలేదు.
"టేసనుకి ఎప్పుడొచ్చినా ఇప్పీసే వొచ్చినాను బాబూ."
నెత్తిన తట్ట లేదు,
తట్ట మోసిన మెడ మాత్రం అలాగే ఉంది, నిటారుగా.

తుపాకుల దగ్గర ఆగలేదు.
పతకాల వైపు చూడనైనా లేదు.
మూడో గదిలో, ఎవరూ విడిపించుకోని సొత్తు:
ఓ సైకిలు, రెండు గొడుగులు, హార్మనీ పెట్టె,
అల్యూమినియం కారేజీ, మూత మీద మేకుతో గీసిన చేప.
చీటీ రాసింది నేనే, గుండ్రటి అక్షరాలతో:
"సొత్తు నంబరు 63. పోర్టు సమ్మె కాలం.
హక్కుదారు తెలియదు."

చదివి వినిపించాను.
"తెలకపోడమేటి," అంది అద్దంతో, నాతో కాదు,
"మా ఇంటాయనది. ఈ సేప నానే గీసినాను,
గేటుకాడ కారేజీలు మారిపోతన్నాయని."

ఆ ఏడే నేను కొత్తగా చేరాను.
ఆ గేటు దగ్గరే వరసలో నిలబడ్డాను.
ఎవరి చేతిలోంచి ఏం పడిందో చూసే వయసు కాదు,
విజిల్ వినబడితే చెయ్యి లేచే వయసు.
ఈ మాట ఆమెతో అనలేదు.
వచ్చినవాళ్ళకి అన్నీ చెప్పాలని నా డ్యూటీ కాగితంలో ఉంది,
అన్నీ అంటే ఏవో లేదు.

తాళం తీశాను. తియ్యకూడదు.
ఆమె మూడు గిన్నెలూ విప్పి
ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుంది.
ముప్పై ఎనిమిదేళ్ళకి కూర వాసన ఉంటుందా?
ఉన్నా, నేను ఉంచలేదు.
అన్నిటితో పాటు దాన్నీ తోమేశాను.

"ఆ రోజు ఇంటికొచ్చాడా అమ్మా?"
"వొచ్చినాడు. కారేజీ ఏదంటే మాటాడనేదు.
కుడిసెయ్యి మరి పైకి లెగనేదు."

తీసుకుపో అన్నాను, అర్జీ నేను రాస్తాను,
పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను.
చేప మీద వేలు పెట్టి చాలాసేపు ఊరుకుంది.
"ఇంట్లో ఉంటే ఎవులు సూత్తారు?
ఇక్కడే ఉండనీ. ఆ సీటీ మార్సు."

పెనిమిటి పేరు పైకి ఎప్పుడూ అననామె
కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది.
రాశాను: మైలపిల్లి నూకన్న, కళాసీ.

చూడ్డానికొచ్చినవాళ్ళ పుస్తకం ముందు పెట్టి
అలవాటున ఆమె బొటనవేలు పట్టుకోబోయాను.
వేలు వెనక్కి లాక్కుంది.
పెన్ను అడిగింది.
"చాలా బాగుంది", "పోలీసులకు వందనం"
అన్న వరసల కింద
ఒక చేప గీసి వెళ్ళిపోయింది.

కారేజీని ఇప్పుడు తోమడం లేదు.
కొత్త చీటీలో, నూకన్న పేరు కింద
ఇంకో వరసకి చోటుంది.
రోజూ పక్క గదిలో బెల్టు బిళ్ళ తోమి వచ్చి
ఆ చోటు ముందు నిలబడుతున్నాను.