మంచోడేనండి

ఫోనులో అడిగాను,
మీ హాస్టల్లో ఆరేళ్ళు చేశాడట, మనిషెలాంటివాడు అని.
అవతల ఎవరో కుర్చీ జరుపుకున్న చప్పుడు.
ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
తర్వాత,
"మంచోడేనండి, ఆయ్."

ఆ జవాబుకి ముందున్న ఖాళీ
రెండు రోజులు నా చెవిలో ఉండిపోయింది,
తలంటులో దూరిన నీళ్ళలా.

ఫైలు మాత్రం శుభ్రంగా ఉంది.
స్టేషను వాళ్ళ కాగితం: కేసులేమీ లేవు, గుండ్రటి ముద్ర.
టెన్త్ సర్టిఫికెట్టు, ఆధార్ జిరాక్సు,
వెళ్ళేనాడు శాలువా కప్పిన ఫొటో.
పేరు వీరభద్రం.
కరస్పాండెంటు గారు నవ్వారు:
పేరులోనే భద్రం ఉంది, ఇంకేం వెతుకుతావమ్మా,
రాత్రి వార్డెను లేక నెలవుతోంది.

మాది రాజోలు దగ్గర బడి.
నలభై ఒక్కమంది పిల్లలు. చెవులు వినపడవు.
నా పేరు వాళ్ళ భాషలో
ముక్కుపుడక మీద పెట్టిన వేలు.
కొత్తగా వచ్చినవాళ్ళకి రెండ్రోజుల్లో పేరు పెట్టేస్తారు,
నమ్మేయడం కూడా అంతే తొందర.
చెప్పుకునేదంతా చేతుల్తోనే.
లైట్లు ఆర్పేశాక
చీకట్లో చేతులు ఎవరికి కనిపిస్తాయి?

శనివారం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను.
కొబ్బరికాయల బస్తాలు, మోటారు సైకిళ్ళు,
మేకపిల్లని ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన.
వశిష్ఠ ఆ రోజు టీ రంగులో ఉంది.
నాలో నేనే తిట్టుకున్నాను:
ఒకడి నోటి దగ్గర కూడు
గాలి మాట మీద లాగేస్తావా?
మా తమ్ముణ్ణి కూడా ఒకసారి ఇలాగే
చెయ్యని దొంగతనం అంటగట్టి పనిలోంచి తీసేశారు.
ఆ సంగతి అవతలి ఒడ్డు దాకా నన్ను వదల్లేదు.

నర్సాపురంలో ఆ హాస్టలు వాళ్ళు కాఫీ ఇచ్చారు.
రిజిస్టరు చూపించలేదు.
గేటు బయట జాంకాయలమ్మే ఆవిడ
నా మొహం చూడకుండా అంది,
వెనక సందులో ఎస్తేరమ్మనడుగు.

ఎస్తేరమ్మ అరుగు మీద లేసు అల్లుతోంది.
ఆ హాస్టల్లోనే తొమ్మిదేళ్ళు ఆయా.
పేరు చెప్పగానే సూది ఆగింది.
కుట్లు లెక్కపెట్టుకుంది, పదమూడు, పద్నాలుగు,
మళ్ళీ మొదట్నుంచి.
"రాత్రి డ్యూటీ ఆయనకెయ్యద్దని అడిగేనమ్మా.
పదేళ్ళోళ్ళు పక్కలు తడిపేస్తన్నారు, ఎందుకో సూడండని.
బడి పరువన్నారు.
నన్ను మాన్పించేరు.
ఆయనకి శాలువా కప్పేరు."

ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.
ఆవిడ దగ్గర ముద్ర పడిన కాగితం ఏముంటుంది?
ఒళ్ళో లేసు ఉంది. దారం కొంచెం, కంతలెక్కువ.
కంతల వల్లే పువ్వు తెలుస్తోంది.

సోమవారం ఫైలు మీద రాశాను: వద్దు.
ఎవరు చెప్పారన్న చోట
ఎస్తేరమ్మ పేరు రాయలేదు, నా పేరు రాశాను.
కరస్పాండెంటు గారు రెండు రోజులు మాట్లాడలేదు.
ఇప్పుడు రాత్రిళ్ళు నేనే పడుకుంటున్నాను,
వరండా లైటు ఆర్పకుండా.
దోమలు ముసురుతున్నాయి, ఏం చేస్తాం.

తర్వాత ఒక ఖాళీ ఫారం తీసి
నా వివరాలు నింపాను.
చేరి పన్నెండేళ్ళయింది,
నా గురించి ఎవరూ ఎవర్నీ అడగలేదు.
స్టేషన్లో రైటరు తలెత్తి నవ్వాడు:
మీకెందుకు మేడమ్, మీరు తెలిసినవాళ్ళేగా.

ఆయనా అక్కడ తెలిసినవాడేనండి, అన్నాను.
ముద్ర వేద్దురుగాని, తొందర లేదు.
ముందు నేను పనిచేసిన చోటికి ఎవర్నైనా పంపండి.
ఆఫీసులో కాఫీ తాగి వచ్చేయకుండా
ఆయాల్నడగమనండి.