పుర్రచేతి దారి

కెమి రేవులో డిసెంబరు చీకటి
మధ్యాహ్నం రెండింటికే దిగుతుంది.
గడ్డకట్టిన సముద్రం మీద
మంచు పగలగొట్టే ఓడ ఒకటి
పళ్లు నూరుకుంటూ పోతుంటుంది.

ఓయిలి స్నానాల గది అద్దం ముందు
నల్ల కొవ్వొత్తి వెలిగిస్తుంది, ఎడమ చేత్తో.
ఆ చేతిని రెండో తరగతిలో
ఊలు మఫ్లరుతో బెంచీకి కట్టేసింది హెల్వి టీచరు.
కుడి చెయ్యి అక్షరాలు దిద్దింది,
నాలుక నత్తి దిద్దుకుంది.
తన పేరు తాను చెప్పుకోడానికి
ఓ, ఓ, ఓ, అంటూ
యాభై ఏళ్లు గుమ్మంలోనే నిలబడిపోయింది.

ముప్పై ఏళ్లు క్రేను నడిపింది.
నలభై మీటర్ల ఎత్తున అద్దాల గదిలో కూచుని
కాగితపు చుట్టల్ని ఓడల కడుపుల్లోకి దించింది.
కింద మనుషులు మిరియపు గింజలు.
పైన కూచున్నంత మాత్రాన దేవుళ్లైపోరని
ఆమెకి అప్పుడే తెలుసు.
పైనున్నవాళ్లకీ ఒంటికి పోసుకోడానికి ఓ సీసా కావాలి,
గాలి తిరిగితే గుండె జారాలి.

గురువారాలు పాత లాండ్రీ నేలమాళిగలో
ఏడుగురం కలిసేవాళ్లం.
(నేనూ ఒకణ్ని. మూడో నెలకే మానేశాను.)
మెడ మీద పాము పచ్చబొట్టున్న యార్నో
"మనం దేవతలమౌతున్నాం" అన్నాడొకసారి
కళ్లు అరమోడ్చి.
"అయితే ఆ కప్పులు కడుగు" అంది ఓయిలి.
నత్తి లేకుండా.
అందరం తలలు తిప్పి చూశాం.
ఆమె కూడా,
అన్నది ఎవరా అన్నట్టు.

ఎడమదారి అనగానే ఊళ్లోవాళ్లు
మేకల్నీ నెత్తుర్నీ ఊహించుకుంటారు.
ఉన్నదల్లా ఒక నోటుబుక్కు.
తారీఖు. ఏం చేశాను. ఎక్కడ అబద్ధమాడాను.
తాగని రోజుల లెక్క
నాలుగువందల పన్నెండు దగ్గర తెగి
మళ్లీ ఒకటి.
ఎడమ చేత్తో కోడిగీతలు గీస్తూ
"పగిలింది" అని రాసేది,
కొట్టేసేది,
"పగలగొట్టాను" అని రాసేది.
"ఆలస్యమైంది" కొట్టేసి "ఆలస్యం చేశాను".
నేను మానేసింది ఆ పేజీల దగ్గరే.
మోకరిల్లడం మానడం నాకు తేలిగ్గానే వచ్చింది.
నెపం వెయ్యడానికి ఇంకెవరూ మిగలకపోవడం,
అదీ నా వల్ల కానిది.

కాదు.
అదీ నేను చెయ్యనిది.

మార్చిలో ఆమె మోకాలికి ఆపరేషను చేశారు.
పక్క మంచం మీద
ఎండు చేపలా ముడుచుకుపోయిన ముసలమ్మ.
తొంభై మూడేళ్లు. పేరు రాసిన పలక చూసింది ఓయిలి.
ఆ రాత్రి ముసలమ్మ చీకట్లోకి చేతులు చాచి
"ఎవరైనా ప్రార్థన చెప్పండమ్మా" అంది.
నర్సు బెల్లు మోగి మోగి ఆగింది.

ఎవరికి చెప్పాలి?
పైన ఎవరూ లేరని తేల్చుకున్న మనిషి.
ఆ అర్జీ ఇప్పుడు
తిరిగి తిరిగి తన చిరునామాకే వచ్చింది.
దేవుళ్లు మామూలుగా చేసే పని
వినపడనట్టు పడుకోవడం.
అదీ చేసింది కాసేపు.

తర్వాత చేతికర్ర వెతుక్కుని లేచి
గ్లాసులో నీళ్లు పోసి అందించింది.
ముసలమ్మ గ్లాసుని చూడలేదు, చేతిని చూసింది.
"కుడి చేత్తో ఇవ్వాలి తల్లీ."
"ఇ, ఇ, ఇ,"
నత్తి మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడింది.
ఓయిలి దాన్ని తొయ్యలేదు, చెయ్యి దించలేదు.
మోకాలి కుట్లు సలుపుతున్నాయి,
గ్లాసులో నీళ్లు తొణుకుతున్నాయి.
"ఇదే నా చెయ్యి."

హెల్వి టీచరు తాగింది.
గుర్తుపట్టిందో లేదో తెలీదు.

తెల్లారి ఓయిలి రాసిన పేజీ
నాకు తర్వాత చూపించింది, రేవు దగ్గర కాఫీ కొట్టులో.
తారీఖు. నీళ్లిచ్చాను.
కింద "క్షమించలేకపోయాను" అని రాసి
కాగితం చిరిగేలా కొట్టేసి ఉంది.
దాని పక్కనే, వంకర అక్షరాలతో:
క్షమించలేదు.