దొంగకుట్టు

చట్రం నుంచి విప్పగానే బొంత
తల దువ్వని పిల్లలా ఉంటుంది.
నాలుగు పక్కలా దూది,
తెగిన దారాలు,
లోపలి గుడ్డ పైగుడ్డ కన్నా జానెడు ఎక్కువై వేలాడుతూ.

చర్చి నేలమాళిగలో రెండు భోజనాల బల్లలు కలిపి
దాన్ని పరిచాం.
బయట మానిటోబా జనవరి,
కారు తలుపు పట్టుకుంటే చేతితొడుగు అతుక్కుపోయే చలి.
లోపల కాఫీ వాసన.
ఎవరివో మేజోళ్లు రేడియేటర్ మీద ఆరుతున్నాయి.

అంచు కోసే పని నాది.
ఇరవై రెండేళ్లుగా నాదే.
కత్తెర నా చేతిలో పెట్టిన రోజు మార్గరెటా పెన్నర్ అన్నది:
"కుట్టు తప్పితే విప్పుకుంటావు జుస్టీనా,
కోత తప్పితే ఎవరికి చెప్పుకుంటావు?"

మూలమట్టం పెట్టి చూస్తాను ముందు.
ఏ బొంతా చదరంగా ఉండదు.
ఎనిమిది మంది ఎనిమిది చోట్ల కూర్చుని
కబుర్లతో పాటు లాగి కుట్టిన గుడ్డ
చదరంగా ఎలా ఉంటుంది?
లీనా ప్లెట్ కూర్చున్న వైపు ఎప్పుడూ అర అంగుళం ముడుచుకుంటుంది.
మరిది మీద కోపమంతా దారంలోకి దిగుతుంది ఆమెకి.
సుద్దముక్కతో గీత గీసి
కోపాలకీ కబుర్లకీ మధ్యగా కోసుకుపోతాను.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి.
అగనేతా కళ్లలో పొర కమ్మిన ఏడాది నుంచి
ఆమె పోయేదాకా
ప్రతి మంగళవారం అందరూ వెళ్లాక
ఆమె వేసిన కుట్లు విప్పేదాన్ని.
గోధుమగింజంత ఉండాల్సినవి
చిక్కుడుగింజంత ఉండేవి.
విప్పి, మళ్లీ నా చేత్తో వేసి,
దీపం ఆర్పి మంచులోకి నడిచేదాన్ని,
ఏదో పుణ్యం చేసినట్టు.
గురువారం ఆమె వచ్చి అరచేత్తో తడిమేది.
"ఈ పక్క బాగా కుదిరింది" అనేది.
ఒకసారి మాత్రం
"నా చెయ్యి రాత్రిళ్లు కూడా పనిచేస్తున్నట్టుందే" అని నవ్వింది.
వయసు మాట అనుకున్నాను.

ఇవాళ మూడు పక్కలు కోసి
నాలుగో పక్కకి వచ్చాను, నీళ్ల గొట్టం పక్కది,
నేను కూర్చునే చోటు.
కత్తెర ఆగింది.

నేను దారానికి తేనెమైనం రాస్తాను.
ఈ దారానికి మైనం లేదు.
సన్నని కుట్లు, వరసగా,
గింజ పక్కన గింజ.
వాటి పక్కనే గుడ్డలో
ఎవరో పీకేసిన పాత కుట్ల సూది రంధ్రాలు,
దూరదూరంగా,
ఒక్కొక్కటీ మధ్య చిక్కుడుగింజంత ఎడంతో.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.
రంధ్రాలు అక్కడే ఉన్నాయి.

మూడు ఈకల పొడవునా.
ఒక్కసారి కాదు, రెండు రాత్రుల పని.

తల ఎత్తాను.
తొట్టి దగ్గర మారిస్సా కప్పులు కడుగుతోంది,
కడిగిన కప్పునే మళ్లీ కడుగుతోంది.
పాతికేళ్లు నిండని వీపు.

ఏమీ అనలేదు.
గీత మీదే కోశాను.
పోగుపోగుగా దూది నేల మీద పడింది.

ముదురాకుపచ్చ పట్టీ, ఏటవాలుగా కోసినది,
పైనుంచి చుట్టి, మూల దగ్గర
ఉత్తరం కవరులా మడిచి
వెనక్కి తిప్పాను.
ఇక దొంగకుట్టు.
సూది లోపలే నడుస్తుంది,
పైకి వచ్చి ఒక్క పోగు కొరికి
మళ్లీ మాయం.
ఈ బొంత ఏ ఓడ ఎక్కుతుందో, ఏ గుడారంలో దిగుతుందో,
దాన్ని గడ్డం దాకా లాక్కునే మనిషి
మా ముగ్గురిలో ఎవరి కుట్టు కింద నిద్రపోతుందో.

నాలుగో పక్క పూర్తి కావచ్చింది.
అరచేత్తో తడిమాను.
"ఈ పక్క బాగా కుదిరింది" అన్నాను, కాస్త గట్టిగానే.

కప్పుల చప్పుడు ఆగింది.

పట్టీ ఇంకా జానెడు మిగిలింది.
దారం తెంపి, నోట తడిపి,
సూదికి ఎక్కించాను.
మూడోసారికి ఎక్కింది.